షార్జా షెడ్డులో మిస్సింగ్ కొట్టే బండ్లు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీకి వచ్చే బండి జబ్బును ఒక్కొక్కరు ఒక్కో భాషలో చెబుతారు. పాకిస్తానీ డ్రైవర్ "గాడీ మిస్సింగ్ మార్ రహీ హై" అంటాడు, ఇంజిన్ దెబ్బ తప్పుతోందని. మలయాళీ చేట్టన్ మాటలు వెతుక్కోకుండా చెయ్యి వణికించి చూపిస్తాడు. మన తెలుగాయనైతే "అన్నా, సిగ్నల్ దగ్గర ఆఫ్ అయిపోతోంది, పెట్రోల్ మాత్రం తెగ తాగుతోంది" అంటాడు. ముగ్గురూ చెప్పేది ఒకటే, ఐడ్లింగ్ నిలవడం లేదని. అంటే బండి కదలకుండా ఉన్నప్పుడు ఇంజిన్ కుదురుగా నడవడం లేదని.

ఇక్కడ ఈ కంప్లయింటుకు కొదవ లేదు. బండ్లు పరుగెత్తే దాని కన్నా నిలబడి ఉండేదే ఎక్కువ. పొద్దున షార్జా నుంచి దుబాయ్ వైపు అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద చూస్తే తెలుస్తుంది. ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, ఏసీ లాగుతూనే ఉంటుంది, బండి కదలదు. ఏసీ కంప్రెసర్ పట్టుకోగానే ఇంజిన్ మీద బరువు పడుతుంది, బండిలోని కంప్యూటర్ ఇంజిన్‌కు గాలి వదిలే తలుపును, అదే త్రాటిల్‌ను, కాస్త తెరిచి గాలి ఎక్కువ ఇవ్వాలి. త్రాటిల్ రేకు చుట్టూ కార్బన్ పేరుకుంటే ఆ గాలి అందదు. 700 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 500కు జారుతుంది, స్టీరింగ్ వణుకుతుంది, ఇంజిన్ ఆగుతుంది. దీనికి తోడు ఇసుక దుమ్ము, ఎండ. బానెట్ కింద వేడికి రబ్బరు పైపులు గట్టిపడి, ఒకరోజు మౌనంగా పగులుతాయి.

నేను పని నేర్చుకుంది కరీంనగర్‌లో, కార్బురేటర్ ఉన్న మారుతి 800ల మీద. అప్పట్లో ఐడ్లింగ్ తగ్గితే ఒక స్క్రూ తిప్పితే సరిపోయేది. ఉస్తాద్ చెవితోనే ట్యూనింగ్ చేసేవాడు. ఇక్కడి బండ్లలో ఆ స్క్రూ లేదు, దాని పని కంప్యూటర్ చేస్తుంది. అందుకే ఆ కంప్యూటర్ చెప్పే తప్పుల కోడ్లను చదివే స్కానర్ అందరి చేతుల్లోనూ ఉంటుంది. స్కానర్ వచ్చాక చెవులు పనిచేయడం మానేశాయని నా అభిప్రాయం.

కోడ్ రాగానే పార్టు మార్చేయడం ఇక్కడ పెద్ద రోగం. పి0171 అని పడిందనుకోండి. గాలికి తగ్గ పెట్రోల్ అందడం లేదని దాని అర్థం, అంతే. పెట్రోల్ ఇంజిన్‌కు బరువు లెక్కన ఒక వంతు పెట్రోల్‌కు 14.7 వంతుల గాలి కావాలి. ఆ లెక్క తప్పిందని, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే ఆక్సిజన్ సెన్సార్ కబురు పంపింది. కబురు తెచ్చిన సెన్సార్‌నే మార్చేసి బిల్లు వేసేవాళ్లు బోలెడుమంది. పార్టు మారిస్తే గ్యారేజీకి మిగులుతుంది, కూర్చుని వెతికితే మెకానిక్ టైమ్ పోతుంది. నాకు జీతం నెలకే కాబట్టి రెండిట్లో ఏది చేసినా నా చేతికి వచ్చేది మారదు. మా ముదీర్‌కు, అంటే మేనేజర్‌కు, మాత్రం మారుతుంది.

ఒక జనవరిలో నెల్లూరు వైపు తమ్ముడొకడు వచ్చాడు. స్టేషనరీ కంపెనీలో సేల్స్‌మన్, రూము అజ్మాన్‌లో, రోజంతా దుకాణాల చుట్టూ తిరగడం. పాత జపాన్ సెడాన్, 1.8 లీటర్ల ఇంజిన్. లీటరుకు పన్నెండు ఇచ్చే బండి ఎనిమిదికి దిగిందట. వేరే చోట ఆక్సిజన్ సెన్సార్ మార్చారు, ప్లగ్గులకు కరెంటు అందించే నాలుగు కాయిల్స్ కూడా మార్చారు. వణుకు పోలేదు, జీతంలో సగం పోయింది.

బండిని రాత్రికి వదిలి వెళ్లమన్నాను. ఐడ్లింగ్ జబ్బు చూడాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. పొద్దున్నే స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి స్కానర్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు) టెంపరేచర్ చూస్తే, బయట గాలి ఎంతుందో దాదాపు అంతే చూపాలి. చూపింది, అంటే ఆ సెన్సార్ బాగానే ఉంది. స్టార్ట్ చేసి, కాస్త వేడెక్కాక ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. ఐడ్లింగ్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 24. కంప్యూటర్ తన మామూలు లెక్క మీద 24 శాతం ఎక్కువ పెట్రోల్ పోస్తోందన్నమాట. 2500 దాకా రేస్ ఇచ్చి పట్టుకుంటే ట్రిమ్ 6కు దిగింది.

సగం జవాబు ఇక్కడే ఉంది. ఎక్కడో పైపు పగిలి, లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ లెక్కలోకి రాని దొంగ గాలి లోపలికి పోతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం కాబట్టి ఆ దొంగ గాలి పెద్ద వాటా. రేస్ ఇస్తే అసలు గాలి పెరిగి దాని వాటా చిన్నదవుతుంది. దీనికి భిన్నంగా, రేస్ ఇచ్చిన కొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే వెతకాల్సింది వేరే చోట. పెట్రోల్ పంపు బలహీనపడి ఉండాలి, లేదా ఎయిర్ ఫ్లో సెన్సార్ తీగ మీద దుమ్ము కూర్చుని వచ్చే గాలిని తక్కువగా చెబుతుండాలి. ఆ తీగను గుడ్డతో తుడవకూడదు, దాని స్ప్రే వేరే ఉంటుంది.

గాలిని సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక, క్యాబిన్ ముందున్న ఇనుప గోడ (ఫైర్‌వాల్) వైపు, ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వు నుంచి వచ్చే వంకర పైపు ఒకటుంది. పైనుంచి చూస్తే నల్లగా, శుభ్రంగా ఉంది. ఇంజిన్ నడుస్తుండగా చెయ్యి అడుగుకు పోనిచ్చి వంపు దగ్గర తడిమితే గోరు లోపలికి దిగింది. వేలితో గట్టిగా మూశాను. సన్నటి ఈల ఆగింది, ఇంజిన్ కుదురుకుంది. వేలు తీస్తే మళ్లీ వణుకు. ఆ తమ్ముణ్ని పిలిచి వాడి వేలే పెట్టించాను. "దీనికా అన్నా కాయిల్స్ అన్నీ మార్చింది!" అని అక్కడే కూలబడ్డాడు. పైపు ఖరీదు 15 దిర్హాములు.

వణుకు తగ్గింది గానీ పెట్రోల్ సంగతి తేలలేదు. ట్రయల్‌కు తీసుకెళ్తే హైవే మీద కూలెంట్ 65 డిగ్రీలు దాటలేదు. థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు, ఉండే చోటు విప్పి చూస్తే హౌసింగ్ ఖాళీ. పోయిన ఎండాకాలం ఓవర్‌హీట్ అవుతోందని ఎవరో థర్మోస్టాట్ పీకి పారేశారు. మన దగ్గరా ఈ వైద్యం ఉంది, ఎండ ఎక్కువున్న ప్రతిచోటా ఉంది. ఫ్యాన్ మోటారు వీకయితే థర్మోస్టాట్‌ను బలివ్వడం. 80 పైకి వెళ్లాల్సిన ఇంజిన్ చల్లగానే ఉంటే, ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. కొత్తది బిగించి, ఫ్యాన్ మోటారు మార్చాను.

త్రాటిల్ బాడీ కూడా కడిగాను. ఇందులో ఒక మెలిక ఉంది. కార్బన్ పట్టినన్నాళ్లూ కంప్యూటర్ రేకును కాస్త ఎక్కువ తెరవడం అలవాటు చేసుకుని ఉంటుంది. కడిగాక ఐడ్లింగ్ 1500కు ఎగురుతుంది. స్కానర్‌తో మళ్లీ నేర్పించాలి. ఆ పని చేయకుండా బండి ఇచ్చేస్తే, కస్టమర్ మర్నాడే తిట్టుకుంటూ తిరిగొస్తాడు.

ఇంజిన్ వేడెక్కాక ఆగి, అరగంట చల్లారితే స్టార్ట్ అయ్యే బండ్లది వేరే కథ. అక్కడ ఇంజిన్ తిరుగుడును చూసే క్రాంక్ సెన్సార్‌నో, పెట్రోల్ పంపునో అనుమానించాలి. పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. జీతం రాని చివరి వారంలో మా వాళ్లు బంకులో 20 దిర్హాములకు కొట్టించుకుని నడిపిస్తారు. రిజర్వ్ లైటు ఆరదు, పంపు కాలుతుంది. ట్యాంకు సగమైనా ఉంచుకోమని చెప్పడం నాకు తేలికే.

కాయిల్ పోయిందో లేదో చూడ్డానికి మాత్రం డబ్బు అక్కర్లేదు. పి0302 అంటే రెండో సిలిండర్ మిస్సింగ్. దాని కాయిల్ తీసి నాలుగో దాంట్లో, నాలుగోది తెచ్చి రెండో దాంట్లో పెట్టాలి. కోడ్ పి0304గా మారితే కాయిలే దొంగ. మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో. ఆ తమ్ముడి బండికి ఎవరూ ఇది చేయలేదు.

మే నెలలో వాడు ఫోన్ చేశాడు. వణుకు లేదట, ఎక్కడా ఆగడం లేదట, మైలేజ్ మాత్రం మళ్లీ తగ్గిందట. మధ్యాహ్నం ఎక్కడుంటావని అడిగాను. ఒంటిగంటకు చిన్న దుకాణాలు మూసేస్తారు, నాలుగింటికి తెరుస్తారు. ఆ మధ్యలో ఏసీ వేసుకుని కార్లోనే పడుకుంటాడట. నిలబడి ఉన్నా ఇంజిన్ గంటకు లీటరు దాకా కాలుస్తుంది, కిలోమీటర్లు మాత్రం పెరగవు, మైలేజ్ ఎలా వస్తుందన్నాను. "మరి ఆ ఎండలో ఎక్కడ పడుకోమంటావన్నా? అజ్మాన్ పోయి రావాలంటే అంతకన్నా ఎక్కువ అవుతుంది" అన్నాడు. లెక్క వేసి చూశాను, వాడు చెప్పిందే కరెక్టు. టైర్లలో గాలి ఒకసారి చూసుకోమని చెప్పి పెట్టేశాను.