ఎఫ్‌-1 వీసాపై పని: ఎంతవరకు, ఎప్పుడు

అమెరికాలో ఎఫ్‌-1 విద్యార్థికి మొదట దొరికే పని క్యాంపస్‌లోనే. లైబ్రరీ, డైనింగ్ హాల్, ల్యాబ్, ఏదైనా సరే, సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు దాటకూడదు. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. బయట గ్యాస్ స్టేషన్‌లోనో, మనవాళ్ల రెస్టారెంట్‌లోనో చేతికి డబ్బు తీసుకుని చేసే పని మాత్రం నిబంధనల ఉల్లంఘనే. స్టేటస్ పోతుంది, దయచేసి అటు వెళ్లొద్దు.

సీపీటీ (కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్) అనే అనుమతి చదువులో భాగమైన ఇంటర్న్‌షిప్ కోసం. మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు. ఐ-20 (కాలేజీ ఇచ్చే విద్యార్థి అర్హత పత్రం) మీద ఆ కంపెనీ పేరు, తేదీలు పడ్డాకే పనిలో చేరాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీకి ఓపీటీ (ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్, అంటే చదువు ముగిశాక అదే రంగంలో పని చేసే అనుమతి) ఉండదు.

ఎక్కువమంది తడబడేది ఓపీటీ దగ్గరే. కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు దరఖాస్తు చేయొచ్చు. అయితే డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) సిఫార్సు నమోదు చేసిన 30 రోజుల్లోగా ఐ-765 (పని అనుమతి దరఖాస్తు ఫారం) అమెరికా ఇమ్మిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. ఈ రెండో గడువు మరిచిపోవడంతో తిరస్కరణకు గురయ్యేవారున్నారు. ఆ సిఫార్సు ఉన్న ఐ-20 చేతికొచ్చిన వారంలోనే దరఖాస్తు పంపడం మంచిది. పని అనుమతి కార్డు (ఈఏడీ) చేతికొచ్చి, అందులోని ప్రారంభ తేదీ వచ్చేదాకా పనిలో చేరకూడదు. ఆ తేదీ నుంచి మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. వారానికి కనీసం 20 గంటలు, చదివిన సబ్జెక్టుకు సంబంధించిన పని ఉంటేనే ఉద్యోగంగా లెక్క.

స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ అయితే ఓపీటీకి మరో 24 నెలల పొడిగింపు ఉంది. కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళికపై సంతకం చేయాలి. ఆఫర్ ఒప్పుకునే ముందే ఈ రెండూ హెచ్‌ఆర్‌ను అడగండి.