సబ్సిడీ ఇస్తే ఇల్లు చవకవుతుందా?

ఇళ్ల ధరల మాట ఎత్తితే చాలు, ఎక్కడైనా మొదట వినిపించే సలహా ఒకటే: లోన్లు తేలిక చెయ్యండి, వడ్డీ తగ్గించండి, మొదటిసారి కొనేవాళ్లకి కాస్త సబ్సిడీ ఇవ్వండి. నాకు దీని మీద నమ్మకం లేదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో చెప్తాను.

9 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ తీసుకుంటే ప్రతి 100కీ చివరికి కట్టేది దాదాపు 216. దాన్నే 30 ఏళ్లకి సాగదీస్తే ఈఎంఐ పదో వంతు తగ్గుతుంది, కట్టే మొత్తం మాత్రం 290కి చేరుతుంది. ఇది చాలామందికి తెలిసిన నష్టమే. అంతకంటే పెద్ద దెబ్బ వేరే ఉంది: ఇదివరకటి ఈఎంఐనే కట్టగలిగినవాళ్లకి ఇప్పుడు 100 బదులు సుమారు 112 లోన్ వస్తుంది, అదీ ఒక్కరికి కాదు, అదే ఇంటి కోసం తిరుగుతున్న నలుగురికీ. ఇళ్లు మాత్రం పెరగలేదు. అలాంటప్పుడు అమ్మేవాళ్లు 100కి ఎందుకు ఇస్తారు? కొనేవాళ్ల పేరు చెప్పి చేసిన సాయం చాలావరకు అమ్మేవాళ్ల చేతిలోకే పోతుంది.

ఇంగ్లండ్‌లో 2013 నుంచి 2023 దాకా 'హెల్ప్ టు బై' అని ఒక పథకం నడిచింది. 5 శాతం డౌన్ పేమెంట్ పెట్టుకుంటే కొత్త ఇంటి ధరలో 20 శాతం దాకా, లండన్‌లో అయితే తర్వాత 40 శాతం దాకా, ప్రభుత్వమే అప్పుగా సర్దేది. సాయం ఎక్కువ అవసరమైన చోట్లే, ఇచ్చిన సాయాన్ని మించి ధరలు పెరిగాయని 2022లో అక్కడి పార్లమెంటు ఎగువ సభ కమిటీయే చెప్పింది.

కాబట్టి ముందు స్థలం సంగతి తేలాలి. కట్టడం పాతబడేకొద్దీ దాని విలువ తగ్గుతుంది, పెరిగేది కింద ఉన్న నేల విలువ. అది కూడా ఓనరు చేసిన పని వల్ల కాదు, రోడ్డు పడింది, స్కూలు వచ్చింది, రైలు వచ్చింది, అవన్నీ అందరి పన్నులతో వచ్చినవే.

సింగపూర్ ఈ విషయం మొదట్లోనే పట్టుకుంది. 1960లో హెచ్‌డీబీ అనే ప్రభుత్వ ఇళ్ల నిర్మాణ సంస్థని పెట్టారు, 1966లో భూసేకరణ చట్టం తెచ్చారు, 1968 నుంచి జనం తమ సీపీఎఫ్ పొదుపుతోనే (మన పీఎఫ్ లాంటిది) ఆ సంస్థ కట్టిన ఫ్లాట్ కొనుక్కునే వీలు కల్పించారు. ఇవాళ అక్కడి నివాసుల్లో దాదాపు 80 శాతం మంది ఆ ఫ్లాట్లలోనే ఉంటున్నారు, అందులో ఎక్కువమంది ఓనర్లే. కానీ చేతికొచ్చేది 99 ఏళ్ల లీజు, నేల ప్రభుత్వానిదే. దీనికి మూల్యం కూడా ఉంది: అప్పట్లో స్థలాలు పోయినవాళ్లకి మార్కెట్ ధర దక్కలేదు, లీజు తరిగేకొద్దీ పాత ఫ్లాట్ల రేటు ఏమవుతుందోనన్న టెన్షన్ ఇప్పుడు చాలా కుటుంబాల్లో ఉంది.

వియన్నా అద్దె దారి పట్టింది. 1923లో ఇళ్ల పన్ను వేశారు, ఖరీదైన ఇళ్లవాళ్ల మీద ఎక్కువ, మామూలువాళ్ల మీద తక్కువ. ఆ డబ్బుతో 1934 నాటికి 60 వేలకు పైగా ఫ్లాట్లు కట్టారు. ఇప్పుడు నగరం చేతిలోనే దాదాపు 2.2 లక్షల ఫ్లాట్లున్నాయి. నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఆదాయ పరిమితి మధ్యతరగతివాళ్లకి కూడా అందేంత ఎత్తులో పెట్టారు, ఇల్లు దొరికాక జీతం పెరిగితే ఖాళీ చెయ్యమనరు. అందుకే అది 'పేదల కాలనీ' అనిపించుకోలేదు. పైగా ఇన్ని ఇళ్లు పక్కనే తక్కువ అద్దెకి ఉంటే ప్రైవేటు ఓనర్లు కూడా నోటికొచ్చినంత అడగలేరు.

బ్రిటన్ దీనికి పూర్తిగా ఎదురు వెళ్లింది. 1980 చట్టంతో కౌన్సిల్ ఇళ్లని, అంటే స్థానిక ప్రభుత్వాలు అద్దెకిచ్చే ఇళ్లని, అద్దెకున్నవాళ్లకే డిస్కౌంటుకి అమ్మారు. ఎన్నో ఏళ్లు అద్దె కట్టిన ఇల్లు తమదైనప్పుడు ఆ కుటుంబాలకి కలిగిన సంతోషాన్ని నేను తక్కువ చెయ్యను, వాళ్ల తప్పేం లేదు. తప్పల్లా అమ్మినదానికి బదులు కట్టకపోవడం. ఒక్క ఇంగ్లండ్‌లోనే 19 లక్షలకు పైగా ఇళ్లు అలా పోయాయి, వాటిలో చాలా ఇళ్లు ఇవాళ ప్రైవేటు అద్దెకి నడుస్తున్నాయి, ఆ అద్దె కట్టలేనివాళ్లకి మళ్లీ ప్రభుత్వమే భత్యం ఇస్తోంది. స్కాట్లండ్ 2016లో, వేల్స్ 2019లో ఈ అమ్మకాలు ఆపేశాయి.

సొంతిల్లే కావాలి అనేవాళ్లకి ఇంకో దారి ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు: కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్. నేల ట్రస్టుది, ఇల్లు మీది. అమెరికాలోని బర్లింగ్టన్‌లో 1984 నుంచి నడుస్తోంది. అమ్మేటప్పుడు పెరిగిన విలువలో పావు వంతు మాత్రమే మీకు వస్తుంది. అంటే పెరిగిన విలువ 40 అయితే మీ లాభం 10, దాంతోపాటు మీరు తీర్చిన అసలు మీకు తిరిగొస్తుంది. మిగతా 30 ఇంటిలోనే ఉండిపోతుంది కాబట్టి తర్వాత వచ్చేవాళ్లకీ అది అందే ధరే. లాభం తక్కువే, ఒప్పుకుంటాను, కానీ ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారోనన్న భయం ఉండదు.

ప్రైవేటు బిల్డర్లు వద్దని కాదు, ఊళ్లు పెరిగే వేగానికి వాళ్లు లేకుండా కుదరదు, వాళ్ల పర్మిషన్లు ఏళ్ల తరబడి ఆపితే ఆ ఆలస్యానికి వాళ్లు కట్టే వడ్డీ కూడా కొనేవాళ్ల నెత్తినే పడుతుంది. త్వరగా ఇవ్వండి. అదనపు అంతస్తులకి పర్మిషనో, ప్రభుత్వ స్థలమో ఇస్తున్నప్పుడు మాత్రం కొన్ని ఫ్లాట్లు శాశ్వతంగా తక్కువ ధరకే ఉండాలని రిజిస్ట్రేషన్ కాగితాల్లోనే రాయించాలి. మొదటిసారి కొన్నవాళ్లు అయిదేళ్ల తర్వాత అమ్మేస్తే రెండోవాళ్లకి ఆ ఇల్లు ఎంతకి వస్తుంది? కొత్త పథకం ప్రకటించిన ప్రతిసారీ నేను ముందు వెతికేది ఈ లైనే, అది చాలా పథకాల్లో ఉండదు.