పీటర్సన్ క్రీక్ ఒడ్డున ప్లాటిపస్ కోసం

ఆస్ట్రేలియాలోని కెయిన్స్‌కి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది సముద్రంలో పగడపు దిబ్బలు చూసుకుని వచ్చేస్తారు. నాకు ప్లాటిపస్‌ని, అంటే బాతు ముక్కులాంటి మూతితో వాగుల్లో ఈదే ఆ చిన్న జంతువుని, జూలో కాకుండా అది బతికే చోటే చూడాలని ఎప్పటినుంచో ఆశ. అందుకే గిలీస్ హైవే మీదుగా కొండెక్కి, ఆథర్టన్ టేబుల్‌ల్యాండ్స్ అనే పీఠభూమి మీదున్న యుంగబుర్రా అనే చిన్న ఊళ్లో దిగాను. ఊరి పక్కనే పీటర్సన్ క్రీక్ అనే వాగు, దాని ఒడ్డు వెంట కాలిబాట. టికెట్ లేదు. ఎవరైనా నడవచ్చు.

ప్లాటిపస్ ఎక్కువగా తెల్లవారుజామున, పొద్దు వాలే వేళ మేతకు బయటికొస్తుంది. నేను చీకటి పూర్తిగా విడవకముందే బాట మీదున్నాను. నిండు ప్యాంటు, పొడవు సాక్సు తప్పనిసరి, జలగలుంటాయి. వెడల్పుగా, గుండె ఆకారంలో, అంచున పళ్లున్న ఆకులు కనిపిస్తే దూరంగా జరగండి. అది జింపీ-జింపీ అనే విషపు మొక్క కావచ్చు. దాని నూగు సన్నటి ముళ్లలా చర్మంలో దిగితే ఆ నొప్పి నెలల తరబడి తిరగబెడుతూనే ఉంటుంది.

వాగు దగ్గర మొదట కళ్లకంటే చెవులకే పని. విప్‌బర్డ్ అనే పిట్ట కూత అక్కడే విన్నాను. మగది సన్నటి ఈలని సాగదీసి, చివర్లో కొరడా ఝళిపించినట్టు ఠప్పున ఆపుతుంది. ఆ వెంటనే ఆడది రెండు పొట్టి కూతలతో జవాబిస్తుంది. తెలియకపోతే అంతా ఒకే పక్షి అనుకుంటాం. పిట్ట మాత్రం పొదల్లోంచి బయటికి రాదు.

నీళ్లు గోధుమరంగులో మసగ్గా ఉన్నాయి, లోపల ఏమీ కనబడదు. కాబట్టి చూడాల్సింది నీటి పైభాగాన్నే. ఒకచోట బుడగలు లేచాయి, ఒళ్లంతా కళ్లు చేసుకుని చూశాను. తాబేలు తల బయటపెట్టింది! ఈ వాగులో తాబేళ్లు చాలానే. తాబేలు తల నిటారుగా పైకి వస్తుంది. ప్లాటిపస్ అలా కాదు, నీటికి సమంగా పరుచుకుని తేలుతుంది, చుట్టూ వలయాలు విచ్చుకుంటాయి.

అలా ఒక మలుపులో, ఎదుటి ఒడ్డు వేళ్ల కింద, బుడగలు గీత గీసినట్టు కదులుతూ వచ్చాయి. ఆ గీత చివర అది తేలింది. అనుకున్నదానికంటే ఎంత చిన్నదో! ముక్కు నుంచి తోక దాకా అర మీటరు కూడా లేదు. ఇక్కడి ఉత్తరాది ప్లాటిపస్‌లు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలోవాటికంటే చిన్నవి. పైకొచ్చాక ఆ వెడల్పాటి ముక్కు పక్కలకి ఆడుతూనే ఉంది. అది నమలడం. నీటి అడుగున దొరికిన పురుగుల్ని బుగ్గల్లోని సంచుల్లో దాచుకుని, పైకొచ్చి నూరుకుని మింగుతుంది. కొన్ని సెకన్లంతే, వీపు విల్లులా వంచి మళ్లీ మునిగిపోయింది.

దగ్గరికి వెళ్లాలంటే ఒకే మార్గం. అది మునిగినప్పుడే మనం అడుగు వేయాలి. లోపల దానికి కళ్లు, చెవులు, ముక్కురంధ్రాలు అన్నీ మూసుకుపోతాయి. పురుగుల కండరాల నుంచి వచ్చే అతి చిన్న విద్యుత్ సంకేతాల్ని ముక్కు చర్మంతో పసిగట్టి వేటాడుతుంది. పైకి తేలిందంటే కళ్లూ చెవులూ తెరుచుకుంటాయి, మన నీడ కదిలినా మాయమవుతుంది. అది మునిగినప్పుడు నేను రెండడుగులు వేయడం, తేలినప్పుడు బొమ్మలా నిలబడటం, ఇలా చాలాసేపు నడిపాను. గుడ్లు పెట్టి, పిల్లలకి పాలిచ్చే జంతువు కళ్లెదుట తాపీగా టిఫిన్ చేస్తుంటే నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి.

ఇక ట్రీ కంగారూ, అంటే చెట్ల మీద బతికే కంగారూ. లుమ్‌హోల్ట్జ్ ట్రీ కంగారూ అనే ఈ రకం ప్రపంచం మొత్తంలో ఈశాన్య క్వీన్స్‌లాండ్‌లోనే ఉంది. ఇది కంటపడాలంటే మెడ నొప్పి భరించాలి. ఆకులు తినే జంతువు కాబట్టి ఎక్కువసేపు కొమ్మల పంగలో ముడుచుకుని కూర్చుంటుంది, కింద నుంచి చూస్తే గుబురుగానే అనిపిస్తుంది. జంతువు కోసం కాకుండా తోక కోసం వెతకాలి. తీగలన్నీ వంకరటింకరగా పోతుంటే, ఒక్కటి మాత్రం లావుగా, తిన్నగా వేలాడింది. బైనాక్యులర్ పెట్టి ఆ తోక వెంట పైకి వెళ్తే నల్లటి మొహం కిందికి నన్నే చూస్తోంది.

అది కూర్చున్న అడవి గురించి చెప్పకపోతే ఈ అనుభవం సగమే. ఈ పీఠభూమి మీద మాబి అనే రకం వర్షారణ్యాన్ని చాలావరకు పొలాల కోసం, పశువుల మేత కోసం కొట్టేశారు. మిగిలిన ముక్కల మధ్య నేల మీద దాటబోయి ట్రీ కంగారూలు కార్ల కింద, కుక్కల నోట పడుతున్నాయి. 1982లో మొదలైన ట్రీట్ అనే స్వచ్ఛంద సంస్థ సభ్యులు ఈ వాగు ఒడ్డున స్థానిక జాతుల మొక్కలు నాటి, ఆ ముక్కల్ని కలిపే దారి పెంచారు. బాట పక్కన లేత చెట్లు ఎక్కడ మొదలవుతాయో కాస్త గమనిస్తే తెలిసిపోతుంది. మనుషులు గుంతలు తవ్వి, కలుపు తీసి నిలబెట్టిన అడవిలో జంతువులు మళ్లీ కాపురం పెట్టాయంటే, నాకు ప్లాటిపస్ కంటే అదే పెద్ద అద్భుతంగా తోచింది.

వెళ్లేవాళ్లు వీలైతే అక్కడే రాత్రి బస చేయండి. కెయిన్స్ నుంచి పొద్దున్నే బయల్దేరితే మంచి సమయం దారిలోనే అయిపోతుంది. ఫ్లాష్ ఆపేయండి, కుక్కల్ని తీసుకెళ్లకండి. నడక తగ్గించి, వాగు నిదానంగా, లోతుగా ఉన్న ఒక మలుపు చూసుకుని అక్కడే నిలబడండి.