ఊపిరి వదిలాక తీసిన బొమ్మ

పోయిన చలికాలం పొడిదగ్గు మొదలైంది. హన్మకొండలో మాది రెండో అంతస్తు. డిసెంబర్‌కల్లా మెట్ల మధ్యలో ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేదాకా వచ్చింది. ఎక్స్‌రే తీసి ‘క్లియర్’ అన్నారు. తెమడ పరీక్షలో టీబీ లేదు. రెండు నెలలు ఇన్‌హేలర్ పీల్చినా గుణం లేదు. ఈలోపు చుట్టాలంతా డాక్టర్లయ్యారు. ఎంత మిరియాల కషాయం తాగానో లెక్కలేదు.

చివరికి ఒక చెస్ట్ డాక్టరమ్మ హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తుల్ని సూక్ష్మంగా చూసే సీటీ స్కాన్ రాశారు. ఎక్స్‌రేలో ఎముకలు, గుండె, ఊపిరితిత్తులు ఒకదాని మీద ఒకటి పడి అంతా ఒకే నీడ. ఈ స్కాన్‌లో మిల్లీమీటరు మందం పొరలుగా విడదీసి చూస్తారు. టెక్నీషియన్ "గాలి పీల్చి పట్టుకోండి" అన్నాడు. అది సులువే. తర్వాత "మొత్తం వదిలేసి ఆపండి సార్" అన్నాడు. వదిలి ఆపడం ఎంత కష్టమో! దగ్గు తన్నుకొచ్చింది. ఇంకోసారికి కుదిరింది.

జబ్బు బయటపడింది ఆ వదిలిన ఊపిరి బొమ్మలోనే. గాలి వదిలాక ఊపిరితిత్తి బూడిద రంగుకు తిరగాలట. నాకు అక్కడక్కడ గాలి ఇరుక్కుపోయి నల్లగానే ఉంది. మధ్యమధ్యలో మంచు పట్టిన అద్దంలా మసక. డాక్టరమ్మ మానిటర్ మీంచి చూపు తిప్పకుండానే అడిగారు: "ఇంట్లో పావురాలున్నాయా?"

నేనూ మా ఆవిడా మొహాలు చూసుకున్నాం. అమ్మ పోయినప్పటి నుంచి డాబా మీద రోజూ జొన్నలు చల్లేది నేనే, రెట్ట ఊడ్చేదీ నేనే. సంక్రాంతికి పరకాల దగ్గర మా ఊళ్లో పదిరోజులుంటే దగ్గు తగ్గింది. పల్లెగాలి మహిమ అనుకున్నాం!

జబ్బు పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పలకడానికే ఆయాసం. రెట్ట, ఈకల దుమ్ము ఒంటికి సరిపడక ఊపిరితిత్తులు వాస్తాయి. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు, మెల్లగా తగ్గిస్తూ. మొహం ఉబ్బింది, షుగర్ పెరిగింది. పావురాలు ఉన్నంతకాలం మాత్రలతో లాభం లేదన్నారు. గింజలు మానేసి డాబాకు వల కట్టించాం. ఆ పని నాకు మాత్రల కంటే చేదు.

ఆర్నెల్ల తర్వాతి స్కాన్‌లో మసక చాలావరకు పోయింది. అడుగున కొన్ని సన్నని గీతలు మాత్రం మచ్చలట, అవి పోవు. మొన్న పద్మాక్షి గుట్ట ఒక్కచోటే ఆగి ఎక్కాను.

పావురాలిప్పుడు ఎదురింటి ట్యాంకు మీదికి చేరాయి. ఆ ఇంటాయన గింజలు వేస్తున్నాడు, దగ్గుతున్నాడు కూడా. వెళ్లి చెప్పాను.

"ఎక్స్‌రే తీయించిన సార్, ఏం లేదన్నరు" అన్నాడు.