ఇంటర్వ్యూ టెన్షన్ చదివితే పోదు, నోరు తెరిచి మాట్లాడాలి

ఇంటర్వ్యూ ఉందనగానే మన పిల్లలు చేసే మొదటి పని తలుపేసుకుని చదవడం. మన విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ వాళ్ళిచ్చిన మెటీరియల్, యూట్యూబ్ వీడియోలు, ఫ్రెండ్స్ వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లు అన్నీ ముందేసుకుని అర్ధరాత్రి దాటేదాకా చదువుతారు, పొద్దున్న లేచేసరికి కడుపులో గాభరా మాత్రం అలాగే ఉంటుంది. చూస్తుంటే నాకు చాలా బాధనిపిస్తుంది. ఆ భయం సబ్జెక్టు రాక వచ్చింది కాదు కదా, మరి సబ్జెక్టు చదివితే ఎలా పోతుంది.

ఒక సంగతి చెప్తాను. జర్మనీలో ట్రియర్ యూనివర్సిటీ అని ఉంది, మనిషికి ల్యాబ్‌లో స్ట్రెస్ తెప్పించి స్టడీ చేయడానికి 1993లో అక్కడి సైంటిస్టులు ఒక టెస్ట్ తయారుచేశారు, ఇప్పటికీ చాలా దేశాల్లో వాడుతున్నారు. అందులో ఉండేది ఏంటో తెలుసా, ఉత్తుత్తి జాబ్ ఇంటర్వ్యూ! ప్యానెల్ ముందు నిలబడి ఆ ఉద్యోగానికి నువ్వెందుకు సరిపోతావో 5 నిమిషాలు మాట్లాడాలి, తర్వాత 1022 లోంచి 13 తీసేస్తూ, మళ్ళీ 13 తీసేస్తూ వచ్చిన అంకెలు బయటికి చెప్పాలి, ఎక్కడైనా తప్పితే మళ్ళీ మొదటి నుంచి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నవ్వరు, తలూపరు. ఆ ఉద్యోగం నిజంది కాదని తెలిసినా చాలామందికి కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ పెరిగిపోతుంది. అంటే ఇంటర్వ్యూలో చేతులు చల్లబడటం, గొంతు తడారిపోవడం నీ ఒక్కడి పిరికితనం కాదురా నాయనా, మనిషన్నాక ఎవరికైనా అంతే.

ఇంకో మంచి విషయం ఉంది. 1995లో అదే టెస్ట్‌ని కొంతమందికి రోజుకోసారి చొప్పున 5 రోజులు పెట్టి చూశారు, ఎక్కువమందికి రెండో రోజు నుంచే ఆ హార్మోన్ పెరగడం బాగా తగ్గిపోయింది. కొంతమందికి అంత తొందరగా తగ్గలేదు, అలాంటివాళ్ళు ఇంకొంచెం ఎక్కువ ప్రాక్టీస్ చేసుకోవాలని నేననుకుంటాను.

అందుకే గాజువాకలో ఉండే మా పిన్ని కొడుక్కి ఇంటర్వ్యూ కాల్ రాగానే పుస్తకం పక్కన పెట్టించి హాల్లో మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేయించాను. నేను, పిన్ని, కింద పోర్షన్‌లో ఉండే రిటైరైన అంకుల్ కూర్చున్నాం, ఎవరూ నవ్వకూడదు, తల కూడా ఊపకూడదు అని రూల్. వాడు "మీ గురించి చెప్పండి" అనేదానికి ఇంగ్లీష్‌లో బట్టీ పట్టింది మొదలెట్టాడు, రెండో వాక్యానికే వాళ్ళమ్మ మొహం చూశాడు, పిన్నికి తలూపేయాలని ఎంత ఉందో, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది పాపం. వాడికి ఒక్క మాట తప్పింది, దారం తెగిన పూసల్లాగ మిగతాదంతా జారిపోయింది. "అక్కా, నువ్వలా చూస్తుంటే నాకు మాట రావట్లేదక్కా" అన్నాడు. అసలు ప్రాబ్లెం అక్కడుంది, అది ఏ పీడీఎఫ్‌లోనూ దొరకదు.

తర్వాత ఆ బట్టీ పేపర్ తీసేశాం. ఏం చదివాను, ప్రాజెక్టులో నా చేత్తో నేను చేసిన పని ఏంటి, ఈ ఉద్యోగం నాకెందుకు, ఈ మూడు విషయాలే చిన్న చీటీ మీద రాసుకోమన్నాను, వాక్యాలు రాయొద్దన్నాను. ముందు తెలుగులోనే చెప్పించాను, ఎందుకంటే తెలుగులో గబగబా చెప్పలేనిది ఇంగ్లీష్‌లో అసలు రాదు. తర్వాత ఇంగ్లీష్‌లో. చెప్పిన ప్రతిసారీ మాటలు కొంచెం మారుతుంటాయి, మారనివ్వాలి, అప్పుడే మధ్యలో ఎవరైనా ఆపి ఇంకేదో అడిగినా తడబడడు.

ఇక దారి సంగతి. గాజువాక నుంచి ఋషికొండ ఐటీ కొండల దాకా అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి, మధ్యలో ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక జంక్షన్లు, ఎక్కడ ట్రాఫిక్ ఆపుతుందో ఎవరూ చెప్పలేరు. ముందురోజు ఒకసారి వెళ్ళి ఆ గేటు చూసొస్తే సగం గుండెదడ అక్కడే పోతుంది. మన ఉక్కపోత తెలిసిందే కదా, ఫార్మల్ షర్ట్ అక్కడికెళ్ళేలోపే వీపుకి అంటుకుపోతుంది, కాబట్టి ముందుగా చేరుకుని కాసేపు ఫ్యాన్ కింద కూర్చోండి, గాలి పీల్చినదానికంటే వదలడం నెమ్మదిగా చేయండి, వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది, అది శరీరం లెక్క. టీ మీద టీ మాత్రం వద్దు, దడ ఇంకా పెరుగుతుంది.

ఇంట్లోవాళ్ళకి కూడా ఒక మాట, సంపత్ వినాయగర్ గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టండి, మంచిదే, కానీ చుట్టాలందరికీ ఫోన్ చేసి ఫలానా రోజు ఇంటర్వ్యూ అని చెప్పకండి. బయటికి రాగానే పది ఫోన్లు "ఏమైంది" అని వస్తే ఆ పిల్లాడు రెండో ఇంటర్వ్యూ మళ్ళీ అక్కడే ఇచ్చినట్టుంటుంది.

మా వాడికి రిజల్ట్ ఇంకా రాలేదు. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలన్నీ ఆ సాయంత్రమే మర్చిపోకముందు నోట్‌బుక్‌లో రాయించాను, త్వరలో ఇంకో కంపెనీది ఉంది, ఈ ఆదివారం ఆ ప్రశ్నలే అంకుల్ అడుగుతానన్నారు.