రోటరీ ఇంజిన్‌కు ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్: రెండుసార్లు చేసిన నా అనుభవం

సొంతంగా కట్టుకునే విమానానికి విమానాల కోసమే తయారయ్యే లైకమింగ్ ఇంజిన్ పెట్టుకున్నవారు ఇన్‌టేక్ గొట్టాల (ఇంజిన్‌లోకి గాలిని తీసుకెళ్లే మ్యానిఫోల్డ్) గురించి తల బద్దలు కొట్టుకోనవసరం లేదు. అవి ఇంజిన్‌తోపాటే వస్తాయి. టెక్సస్‌లోని మా ఇంటి గ్యారేజీలో నేను కట్టిన ఆర్‌వీ–7 అనే చిన్న కిట్ విమానానికి మాత్రం మాజ్డా కారు ఇంజిన్‌ను, అందులోనూ 13బి రోటరీని ఎంచుకున్నాను కనుక, గాలి లోపలికి వెళ్లే దారిని కూడా నేనే తయారు చేసుకోవలసి వచ్చింది.

13బిలో ఒక్కొక్కటి 654 సీసీ చొప్పున రెండు రోటర్లు (హౌసింగ్ అనే పెట్టెలో తిరిగే మూడు మూలల దిమ్మలు) ఉంటాయి. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. హౌసింగ్ పక్కగోడల్లోని ఇన్‌టేక్ పోర్టులను రోటరే తిరుగుతూ తెరుస్తుంది, మూస్తుంది. నాది 1989 నాటి ఆర్‌ఎక్స్–7 టర్బో కారు ఇంజిన్, టర్బో తీసేశాను. నడిమి హౌసింగ్‌లో రెండు, చివరి హౌసింగ్‌లలో ఒక్కొక్కటి, మొత్తం నాలుగు పోర్టులు. కంపెనీ ఇచ్చిన పోత అల్యూమినియం మ్యానిఫోల్డ్‌ను బిగించి చూస్తే అది కౌలింగ్ (ఇంజిన్‌ను కప్పే విమానపు మూత) అంచు దాటి పైకి పొడుచుకొచ్చింది. దాన్ని కోసి పొట్టి చేద్దామన్న ఆలోచన రెండు రోజులు ఉండి పోయింది.

గొట్టం పొడవును కంటి అంచనాతో తేల్చకూడదని మొదటే నిర్ణయించుకున్నాను. ఒక రోటర్ పోర్టు తెరుచుకోగానే గదిలో మిగిలిన పొగ పీడనం ఇన్‌టేక్ గొట్టంలోకి ఒక అలను తోస్తుంది. ఆ అల రెండో రోటర్ పోర్టు సరిగ్గా మూసుకోబోయే క్షణానికి అక్కడికి చేరితే, బయటికి తన్నుకురాబోయే గాలిని తిరిగి లోపలికి నెడుతుంది. మాజ్డా ఇంజినీర్లు 1980లలోనే ఈ సూత్రాన్ని ఆర్‌ఎక్స్–7లో వాడుకున్నారు. 1991లో లెమాన్స్ 24 గంటల రేసు గెలిచిన 787బి కారుకైతే వేగాన్ని బట్టి పొడవు మారే గొట్టాలే పెట్టారు. ఆ వైభవం నా కౌలింగ్‌లో పట్టేది కాదు.

రోటర్లు తిప్పే ప్రధాన ఇరుసైన ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌కు డిగ్రీల చక్రం బిగించి కొలిస్తే, ఒక రోటర్ పోర్టు తెరుచుకున్న 108 డిగ్రీల తరువాత రెండో రోటర్ పోర్టు మూసుకుంటున్నదని తేలింది. నిమిషానికి 6,500 చుట్ల వద్ద ఆ 108 డిగ్రీలకు పట్టే కాలం 2.77 మిల్లీసెకన్లు. ధ్వని వేగాన్ని సెకనుకు 350 మీటర్లుగా తీసుకుంటే అల ప్రయాణించే దూరం 97 సెంటీమీటర్లు. అంటే ఒక పోర్టు నుంచి కలిసే గది మీదుగా రెండో పోర్టు దాకా మొత్తం దారి అంత ఉండాలి. అందులో సగానికి కొంచెం తక్కువగా, 48 సెంటీమీటర్లు ఒక్కో వైపుకు వస్తుంది. వంచిన తీగతో హౌసింగ్ లోపలి దారిని కొలిచి తీసివేస్తే నేను చేయవలసిన గొట్టం 38 సెంటీమీటర్లు. నాలుగు గొట్టాలు కలిసే గది చిన్నదిగా ఉండాలన్నది ఇక్కడ మరిచిపోకూడని విషయం. ఆ గది పెద్దదైతే అల అందులోనే చచ్చిపోతుంది, ఇంత లెక్కా వృథా.

ఆ 6,500 అన్న అంకెను ఎక్కడి నుంచి తెచ్చానన్నదే నేను చేసిన మొదటి తప్పు. అది ఇంజిన్‌కు అనువైన వేగం, ప్రొపెల్లర్‌కు కాదు. నా గేర్‌బాక్స్ నిష్పత్తి 2.85; ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) మార్చగలిగిన రకం కాదు. నేల మీద పూర్తి థ్రాటిల్ ఇచ్చినా ఆ ప్రొపెల్లర్ ఇంజిన్‌ను 5,400 దాటనివ్వలేదు. టేకాఫ్‌లో, అంటే శక్తి అత్యవసరమైన చోట, నేను లెక్కగట్టిన అల సహాయం అందనే అందదు. ప్రొపెల్లర్ ఏ వేగంలో తిరుగుతుందో ముందు తేల్చుకుని, పొడవు లెక్క ఆ తరువాత మొదలుపెట్టి ఉండవలసింది.

లెక్క ఎలా ఉన్నా, కౌలింగ్ లోపల స్థలం దొరకాలి కదా. ప్లంబింగ్ పైపుల మీద తొడిగే నురుగు గొట్టాల్లోకి తీగ దూర్చి, వంచి, ఇంజిన్ మౌంటు కడ్డీల మధ్య రకరకాలుగా అమర్చి చూశాను. 13బిలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. స్పార్క్ ప్లగ్గులు అవతలి పక్కన. కనుక చల్లగా ఉండవలసిన గొట్టాల కిందనే, 900 డిగ్రీలకు చేరువైన పొగను మోసే ఎగ్జాస్ట్ పోతుంది.

గొట్టాలను ఇంజిన్‌కు బిగించే ఫ్లాంజ్ కోసం 12 మిల్లీమీటర్ల 6061 రకం అల్యూమినియం పలక తీసుకుని, గ్యాస్కెట్‌ను దాని మీద పరిచి గీతలు గీసి, రంధ్రాలు చేసి, పోర్టుల ఆకారాన్ని ఆకురాయితో సరిచేశాను. గొట్టాలు 38 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 1.65 మిల్లీమీటర్ల మందం కలిగినవి. వంపులు తయారుగా దొరికాయి. అల్యూమినియం సుమారు 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడు పొర కరగాలంటే 2,000 దాటాలి. ఆ పొర పోయేలా అల్యూమినియానికి మాత్రమే వాడే స్టెయిన్‌లెస్ బ్రష్షుతో రుద్ది, అసిటోన్‌తో తుడిచిన తరువాతే టిగ్ (విద్యుత్ ఆర్క్‌తో చేసే) వెల్డింగ్ మొదలుపెట్టాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వెల్డింగ్ చేస్తే విషవాయువు పుడుతుంది. ఈ పని తలపెట్టేవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఇదే.

మొదటి ఫ్లాంజ్ వెల్డింగ్ వేడికి అరటిదొన్నెలా వంగింది. స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే నడుమ ఒక మిల్లీమీటరు సందు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా ఇంజిన్ పనులు చేస్తున్న మా బాబాయికి వీడియో కాల్‌లో చూపిస్తే, ఆయన నవ్వి, "దాన్ని గాలిలో పెట్టి అతికిస్తే వంగక ఏం చేస్తుందిరా? మందపాటి దిమ్మకు బోల్టులతో బిగించి చెయ్యి. చల్లారేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకు," అన్నారు. రెండు అంగుళాల దిమ్మ ఒకటి కొని, ఫ్లాంజ్‌ను దానికి బిగించి, ఒక గొట్టానికి కొంచెం, ఆ చివరి గొట్టానికి కొంచెం అతుకుతూ పూర్తిచేసి, రాత్రంతా అలాగే వదిలేశాను. మర్నాడు మిల్లింగ్‌లో తీయవలసి వచ్చింది కాగితమంత మందమే.

ఆ మ్యానిఫోల్డ్ చూడటానికి చాలా అందంగా ఉండేది. నేల మీద ఆరు గంటలు నడిపిన తరువాత, గది దగ్గరి ఒక అతుకు పక్కన వెంట్రుకవాసి గీత కనిపించింది. గీత అతుకులో లేదు, దాని పక్కనున్న లోహంలో ఉంది. 6061–టీ6 రకం అల్యూమినియానికి ఆ గట్టితనం వేడి చికిత్సతో వచ్చినది; వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ బలం దాదాపు సగానికి పడిపోతుంది. నేను గాలి ప్రవాహాన్ని నియంత్రించే థ్రాటిల్ బాడీని, ఎయిర్ ఫిల్టర్‌ను ఆ గది చివర గాలిలో వేలాడదీశాను. ఇంజిన్ కంపనమంతా మెత్తబడిన ఆ సన్నని పట్టీ మీదనే పడింది. దాని గుండా లెక్కలో లేని గాలి చొరబడితే ఇంధన మిశ్రమం పలచబడుతుంది. డిటోనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండటం) మొదలైతే రోటరీలో ముందుగా విరిగేవి రోటర్ మూలల్లోని అపెక్స్ సీళ్లు. ఆ గీతను గాలిలో కాక నేల మీదనే చూడగలగడం నా అదృష్టం.

రెండోసారి అందాన్ని, కొంత పొడవును వదులుకున్నాను. గొట్టాలు 30 సెంటీమీటర్లకు తగ్గాయి. ఫ్లాంజ్‌కు కొద్దిపాటి గొట్టపు ముక్కలు మాత్రమే అతికి, మిగిలిన గొట్టాలను పొరల సిలికాన్ హోసులతో కలిపాను. దానితో గది, థ్రాటిల్ బాడీ కలిసి విడి భాగమయ్యాయి. ఆ భాగం బరువును ఇంజిన్ బ్లాకు నుంచి వచ్చే రెండు ఊతకడ్డీలు మోస్తాయి. ఊతను ఇంజిన్ మౌంటుకు కాక ఇంజిన్‌కే ఎందుకు కట్టాలంటే, రబ్బరు దిమ్మల మీద ఊగే ఇంజిన్, కదలని మౌంటు వేర్వేరుగా కదులుతూ మధ్యనున్నదాన్ని విరిచేస్తాయి. లోపల ఒక్క స్క్రూ కూడా లేకుండా చూసుకున్నాను. ఊడినది ఏదైనా నేరుగా రోటర్ నోట్లోకే పోతుంది.

పోర్టులకు రబ్బరు పలక బిగించి, సైకిల్ పంపుతో కొద్దిగా గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు పూస్తే, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ బుడిపె దగ్గర ఒకే ఒక్క చోట బుడగ లేచింది. పంక్చరు దొరికినంత సంతోషం. థ్రాటిల్ బాడీని చివరి నుంచి గది మధ్యకు మార్చినందువల్ల రెండు రోటర్ల ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతల తేడా 45 డిగ్రీల నుంచి 15కు తగ్గింది. నేల మీద పూర్తి థ్రాటిల్‌లో మాత్రం 60 చుట్లు పోయాయి.

తనిఖీకి వచ్చిన అధికారి మ్యానిఫోల్డ్ దగ్గర చాలాసేపు ఆగి, ఊతకడ్డీలను చేత్తో ఊపి చూసి, ఇంకేమీ అనకుండా వెనక్కి నడిచారు. సర్టిఫికెట్ పొందిన ఇంజిన్ కాదు గనుక 25 గంటలకు బదులు 40 గంటల పరీక్షా కాలం విధించారు. ఆ కాలం పూర్తయ్యాక కౌలింగ్ విప్పితే, ఎగ్జాస్ట్ వైపున్న ఒక హోసు అడుగుభాగం గట్టిబడి వేలికి ఎండిన తోలులా తగిలింది. దాన్ని మార్చి, వేడి అడ్డుపలకను ఒక సెంటీమీటరు కిందికి దించాను. తరువాతి 25 గంటలకు విప్పి చూస్తే హోసు మెత్తగానే ఉంది.