చీటీలో ఉన్న మాట

నా అపెండిక్స్ ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని మూడు రోజులు మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొచ్చాను. చివరికి కావలిలోనే ఒక ఆసుపత్రిలో చేరాను. స్కాన్, మత్తు, కీహోల్ పద్ధతిలో కడుపు మీద మూడు చిన్న రంధ్రాలు, నాలుగో రోజుకు ఇల్లు.

తొమ్మిదో రోజు రాత్రి సంగతే చెప్పాలి. అప్పటికే రెండు రోజులుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలుతోంది, మాటిమాటికీ బాత్రూంకి పోవాలనిపిస్తోంది, పోతే కాస్త జిగురు తప్ప ఏమీ ఉండదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎత్తినాయన, "కుట్ల దగ్గర చీము లేదు కదా సార్? కీహోల్‌కి ఇన్ఫెక్షన్ రాదు, డోలో వేసుకుని పడుకోండి, గ్యాస్ అయ్యుంటుంది" అన్నాడు. నమ్మి పడుకున్నా. ఒంటిగంటకు చలి మొదలైంది. రోహిణి కార్తె, గోడలు ఇంకా సెగలు కక్కుతున్నాయి, నేను మాత్రం రెండు దుప్పట్ల కింద మంచం ఊగేలా వణుకుతున్నా. అమ్మ నా పాదాలు రుద్దుతూ ఏడుస్తోంది. మా ఆవిడ వాళ్ళ తమ్ముణ్ణి లేపి, "గ్యాస్‌కి చలి రాదు, కారు తియ్‌రా" అంది. కోవూరు దాటి పెన్నా బ్రిడ్జి ఎక్కేసరికి నేను పిల్లల స్కూలు ఫీజు గురించి ఏదేదో మాట్లాడుతున్నానంట, నాకేమీ గుర్తు లేదు.

నెల్లూరులో డ్యూటీ డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "అపెండిక్స్ పగిలిపోయిందని మీకు చెప్పలేదా?" అని అడిగింది. చెప్పలేదు. డిశ్చార్జి చీటీలో ఇంగ్లీషులో ఒక్క మాట రాసి ఊరుకున్నారు. ఆ మాట తెలుగులో మాకు చెప్పి, జ్వరమొస్తే వెంటనే రమ్మని ఉంటే ఆ రెండు రోజులు పోయేవి కావు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆమే విడమరిచి చెప్పింది. కీహోల్‌లో కుట్లకు చీము పట్టడం పెద్ద కోత కంటే తక్కువే, కానీ పగిలిన అపెండిక్స్‌లోని మలినం లోపల చిందితే చీము పొత్తికడుపు అడుక్కి చేరుతుంది, పైన కుట్లు శుభ్రంగానే కనపడతాయి. దానికి తోడు అదుపులో లేని నా షుగర్, మూడు నెలల సగటు (HbA1c) 9.4. సిగరెట్. నేను చేసిన ఆలస్యం. ఇందులో నా తప్పూ ఉంది, షుగర్ మాత్రలు మానేసింది నేనే. స్కాన్‌లో చూస్తూ సన్న గొట్టం పెట్టి చీము తీశారు, ఎనిమిది రోజులు ఇంజెక్షన్లు. ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే, పగిలిందా లేదా అని నోరు తెరిచి అడగండి. షుగరుంటే ముందే చెప్పండి. ఇంటికొచ్చాక జ్వరం, చలి, కడుపుబ్బరం, ఆగని విరేచనాలు వస్తే ఫోన్‌తో సరిపెట్టుకోకండి, వెళ్ళి స్కాన్ చేయించుకోండి.

ఆ ఏడు నెల్లూరు రొట్టెల పండక్కి మా ఆవిడ స్వర్ణాల చెరువులో దిగి నా కోసం ఆరోగ్య రొట్టె పట్టింది. మొక్కు తీరింది కాబట్టి ఈసారి ఇద్దరం కలిసి పోయి, అడిగిన వాళ్ళకు ఆ రొట్టె ఇవ్వాలి.